అవ్వను దీపాల్లో వదిలేసిన సాయంత్రం

మా చిన్నప్పుడు... అంటే నేను నాలుగో తరగతి చదివే ఏడు, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, బెంగళూరులో ఒక పెద్ద పార్కు గేటు దగ్గర మా నాయన అవ్వ చేతిని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చీకటి పడితే అవ్వకు కండ్లు కనపడవు. లైట్లు సూస్తా సూస్తా వదిలేసేవు పాపా, జాగ్రత్త!"

"వదల్ను నాయనా" అన్నాను.

మాది కుప్పం. నాయనది గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పట్టే పని. పార్కులో క్రిస్మస్ లైట్లు పెట్టారని చర్చిలో ఎవరో చెబితే విని, మమ్మల్నందరినీ రైలెక్కించాడు. అమ్మ చంకలో ఏడాది తమ్ముడు... నాయన భుజాన చిత్రాన్నం సంచి. అవ్వ నాయనకు అమ్మ. తన మేకలను పక్కింటివాళ్లకు అప్పగించి, వీకోట పక్క పల్లె నుంచి మా కోసం వచ్చింది.

చీకటి పడగానే లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. జనమంతా "ఓ..." అని అరిచారు. చెట్ల మొదళ్ల నుంచి చిటారు కొమ్మల దాకా బల్బులే! అవ్వ తలెత్తి, "నాకు అంతా మిణుగురు పురుగుల మాదిరి కనపడతాండాది బిడ్డా" అని నవ్వింది.

దూరంగా బల్బులతో చేసిన జింక ఒకటి... పరుగెత్తుతున్నట్టు కాళ్లాడిస్తోంది. నాకు కాలు నిలవలేదు. అవ్వేమో అడుగులో అడుగేస్తోంది. అమ్మానాయనలు ముందెక్కడో ఉన్నారు. దారి పక్కన నీళ్ల కొళాయి కనిపిస్తే అవ్వను దాని పక్కన నిలబెట్టాను.

"అవ్వా, ఈడే ఉండు. జింకను సూసి ఇప్పుడే వస్తా."

చెయ్యి విడిపించుకుని జనం మధ్యలోంచి దూరిపోయాను.

ఎంతసేపు చూశానో తెలియదు. వెనక్కి తిరిగితే అన్నీ తలకాయలే... ఏ చెట్టు చూసినా ఒకేలా వెలుగుతోంది. కొళాయి ఎటుందో తెలియలేదు. ఏడుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే నాయనే ఎదురొచ్చాడు.

"అవ్వ యాడ?"

"గేటు కాడ... జనం తోసినారు. అవ్వే చెయ్యి వదిలేసింది నాయనా."

నాయన గేటు వైపు పరుగు తీశాడు. వెనకాలే అమ్మ, నేను. గేటు బయట పెద్ద రోడ్డు... బస్సులు ఒకదాని వెనక ఒకటి. నాయన కనిపించిన వాళ్లనల్లా సగం తెలుగు, సగం కన్నడంలో అడుగుతున్నాడు. మైకులో చెప్పించాడు. "శాంతమ్మ, కుప్పం" అని మూడుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. తిరుగు రైలు ఎనిమిదింటికి. ఆ చలిలో నాయన చొక్కా చెమటకు తడిసిపోయింది.

అంతలో రోడ్డు మీద బస్సు కీచుమని బ్రేకు వేసింది. "అయ్యయ్యో!" అని జనం కేకలు. నాయన "అమ్మా!" అని అరిచి అటు ఉరికాడు.

ఎవరిదో స్కూటరు జారిపడింది, అంతే. మనిషి లేచి దులుపుకుంటున్నాడు. కానీ నాయన అక్కడే రోడ్డు అంచున కూలబడి తల పట్టుకున్నాడు.

నావల్ల కాలేదు. అమ్మ చీర పట్టి లాగాను. "అమ్మా... అవ్వ ఈడికి రాలేదు. నేనే వదిలేసినా... జింక కాడ, కొళాయి పక్కన."

అమ్మ కొట్టలేదు. నా ముఖంలోకి ఒక్క చూపు చూసింది. "పద, సూపీ" అంది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈసారి అమ్మే దారి అడుగుతూ నడిచింది. జింక దూరంగా కనిపిస్తుండగానే కొళాయి... దాని గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని అవ్వ! కొంగు తలమీదికి కప్పుకుని, పారే నీళ్లలో కాళ్లు తడుస్తున్నా అక్కడే నిలబడి ఉంది. గంటకు పైగా!

"అత్తా!" అని అమ్మ పిలిస్తే, "పాప యాడుండాది? పాప వచ్చిందా?" అని గాలిలోకి చేతులు చాపింది. వెళ్లి పొట్టకు కరుచుకున్నాను.

"మైకులో నీ పేరే పిలిచినారు గదత్తా, వినపడలేదా?"

"వినపడింది. ఈడే ఉండమని బిడ్డ చెప్పి పాయ. నేను కదిల్తే, అది తిరిగొచ్చి ఎవుర్ని సూడాల?"

అంతలో వెతుక్కుంటూ నాయన వచ్చాడు. అవ్వను చూడగానే భయమంతా కోపమైపోయింది. "బిడ్డ చెయ్యి యాల వదిలితివమ్మా? నీకేమన్నా అయ్యుంటే నేనేం కావాల?"

నేను నేల చూపులు చూశాను. అమ్మ అవ్వ వైపు చూసింది.

"తప్పయిపాయప్పా" అంది అవ్వ. "లైట్లు సూస్తా నేనే వదిలేసినా."

స్టేషను దాకా నాయన ఆమెను తిడుతూనే ఉన్నాడు. పరుగు పరుగున వెళ్లి రైలు అందుకున్నాం. ఆయనకు కునుకు పట్టాక అవ్వ చెవిలో అడిగాను... "నాయనకు నిజం చెప్పేదా?"

"వద్దులే. తిట్టేది అయిపాయ గదా... మళ్లా మొదట్నుంచి యాల?" అని కొంగుతో నా ముక్కు తుడిచింది.

అమ్మ కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది.

మొన్న మా పిల్లలను అదే పార్కుకు తీసుకెళ్లాను. తలా ఒక ఫోను... ఎవరు ఎక్కడున్నా తెరమీద చుక్కలా కనిపిస్తున్నారు. తప్పిపోదామన్నా కుదరదు. కానీ వీళ్ల తప్పును తన మీద వేసుకుని, నోరెత్తకుండా తిట్లు తినే మనిషి ఇప్పుడు మా ఇంట్లో ఎవరా అని ఆలోచిస్తూ వచ్చాను... మీకు పడాల్సిన తిట్లు ఎవరు తిన్నారు? గుర్తుంటే కింద రాయండి.

మా నాయన ఈ మధ్యే ఫోనులో ఇవన్నీ చదవడం నేర్చుకున్నాడు. నాయనా... ఆ రోజు అవ్వ తప్పేమీ లేదు.