వెర్నా చెప్పిన నాడి

వెర్నా టిడ్మోర్ బడి వంటశాలలో వండి వడ్డించే మనిషి. అమెరికాలో, అలబామా కొండల్లోని ఆ బడిలో చదివిన పిల్లల్లో ఆమె గరిటెకు ఎదురుచెప్పి నెగ్గినవాడు లేడు. బడి లేని రోజుల్లో కెటిల్ బ్రాంచ్ గుహకు ఆమే కాపలాదారు, ఆమే పెత్తందారు. ఆ గుహ ప్రభుత్వానిది కాదు. గుహల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు చందాలు వేసుకుని కొండవాలుతో సహా కొనుక్కున్నారు. గేటు తాళం ఎవరి దగ్గర ఉండాలన్న మాట రాగానే అందరూ వెర్నా వైపే చూశారు. లోపలికి దిగేవాళ్లు ఆమెకు చెప్పి దిగాలి, పైకి వచ్చాక మళ్లీ చెప్పి ఇంటికి పోవాలి. చెప్పకుండా పోయినవాడు ఫోనులో తిన్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

అంబులెన్సు గుహ నోటి దాకానే వస్తుంది. లోపల ఎవరికైనా ఏదైనా అయితే మోసుకురావాల్సింది ఊళ్లో ఈ గుహల మనుషులే. ఒకసారి ఎవరో పైఊరి మనిషి తొడ ఎముక విరగ్గొట్టుకుంటే, స్ట్రెచరు ఇరుకులోంచి ఎలా తేవాలో తేలక వీళ్లు లోపలే వాదులాడుకున్నారు. ఆ మనిషి బతికాడు గాని వెర్నాకు చాలాకాలం నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఏటా చలికాలం చివర ఒక శనివారం ఉత్తుత్తి ప్రమాదం పెట్టించేది. ఒకరు దెబ్బ తిన్నట్టు పడుకోవాలి, మిగతావాళ్లు దిగి తీసుకురావాలి.

పడుకునేది ఎప్పుడూ ఆమె మొగుడు రాయిసే. ఇళ్ల ట్యాంకుల్లో గ్యాసు నింపే బండి తోలతాడు, సన్నటి మనిషి. నటనంటే ప్రాణం. అమ్మా అని అరిచేవాడు, మోసేవాళ్లను బూతులు తిట్టేవాడు, స్ట్రెచరులో పడుకుని వేయించిన కోడి తెమ్మనేవాడు. నవ్వు ఆపుకోలేక మోతగాళ్ల చేతులు సడలేవి.

ఆ ఏడు వెర్నాకు ఇదంతా మరీ సుఖంగా ఉందనిపించింది. రాయిస్ కింద పరుపేమిటి, మీద దుప్పటేమిటి, నిజంగా పడ్డవాడికి ఇవన్నీ ఎవరు పరుస్తారు అని నిలదీసింది. రాయిస్ నవ్వి, మహారాణి గారి ఆజ్ఞ అంటూ వెళ్లి గుహలో పారే వాగు అంచున తడి గులకరాళ్ల మీద పడుకున్నాడు. ఆమె అతన్ని అక్కడ వదిలి, వచ్చేవాళ్ల పనితీరు చూడటానికి పైకి వెళ్లింది.

వాళ్లు సమయానికి రాలేదు. లోపలి నుంచి పైకి మాట్లాడటానికి పరుచుకుంటూ వచ్చే ఫోను తీగ ఇరుకు దగ్గర చిక్కుపడింది. గంటల తరబడి విప్పుతూ కూర్చున్నారు. వెర్నా కూడా తిట్టుకుంటూ, వాళ్లతోపాటు విప్పుతూ కూర్చుంది. రాయిస్ సంగతి గుర్తు రాలేదని కాదు. పడుకున్నవాడికి తొందరేముంది అనుకుంది.

తీరా వాళ్లు చేరేసరికి అరుపులు లేవు. పేరేమిటని అడిగితే నాలుక మందమైనవాడిలా ముద్దముద్దగా చెప్పాడు. ఈసారి రాయిస్‌కి బహుమతి ఇచ్చి తీరాలని ఎవరో నవ్వారు. చలిగా ఉందా అంటే, ఇందాక ఉండేది, ఇప్పుడు లేదన్నాడు. వెర్నాకు చిరాకేసింది. తను అల్లింది కాలు విరిగిన కథ. ఈ మనిషి సొంత కవిత్వం కలుపుతున్నాడు.

ఇలాంటి అభ్యాసాల్లో ఒక పద్ధతి ఉంది. అందరికీ మందపాటి చేతితొడుగులు, ఒంటినిండా బురద. పడుకున్నవాడి బట్టలు విప్పి నిజంగా పరీక్షించరు. పైనుంచి చెయ్యి ఆనించినట్టు చేసి, అభ్యాసం పెట్టినవాళ్లను అడుగుతారు. వాళ్లు ముందే అనుకున్న లెక్క చెబుతారు.

నాడి ఎంత అని అడిగారు. ఎనభై ఎనిమిది అంది వెర్నా. ఒళ్లెలా ఉందన్నారు. వెచ్చగానే ఉంది అంది. తెలివి బాగానే ఉంది, కానివ్వండి అని తొందరపెట్టింది.

పక్క జిల్లాలో అంబులెన్సు మీద పనిచేసే ఫర్మాన్ వీళ్ల అభ్యాసానికి రావడం అదే మొదలు. మెడకు పట్టీ వేయడానికి అతను చేతితొడుగు తీశాడు. రాయిస్ గడ్డం కింద పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వెర్నా గారూ, ఈయన ఒళ్లెలా ఉందన్నారు?"

"వెచ్చగా ఉందని చెప్పానుగా."

"కథలో సంగతి కాదండీ నేనడిగేది. మీరొకసారి ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆమె తొడుగు లాగేసి పెట్టింది. బడి ఫ్రీజరులోంచి మాంసం తీసినప్పుడు చేతికి తగిలే చలి అది. చలిలో ఉన్నవాడికి వణుకు ఆగిపోయిందంటే మనిషి చేజారుతున్నట్టే అని ఏటా ఈ జనానికి నేర్పింది తనే. రాయిస్ ఏమాత్రం వణకడం లేదు. ఎప్పటి నుంచి లేదో ఆమెకు తెలియదు. ఎదురుగా నిలబడి, చూడకుండా, అంకెలు చెబుతూ ఉంది. అభ్యాసం ఆపమనే మాట అనాల్సింది ఆమే. చివరికి ఆ మాట ఫర్మానే అన్నాడు.

"ఆట అయిపోయింది. ఇది నిజం."

నవ్వినవాడి మొహం పాలిపోయింది. తడిబట్టలు కత్తిరించారు, తమ బురద బట్టల కింది పొడి చొక్కాలు విప్పి చుట్టారు. కుదిపితే గుండె ఆగిపోవచ్చని గాజుసామానులా ఎత్తారు. తర్వాత ఏం చేయాలని ఎవరో అలవాటుగా వెర్నాను అడిగారు. ఆమె వినిపించుకోకుండా రాయిస్ తల దగ్గరికి జరిగింది. ఇక ఆమెను ఎవరూ అడగలేదు. దారి పొడుగునా తల దగ్గర నడుస్తూ, అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకునే ఉంది. జన్మలో మొదటిసారి ఆమెకు ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు, తనను తప్ప.

బతికాడు. మర్నాడు ఆసుపత్రిలో కళ్లు తెరిచి, నీళ్లు తాగి, ఆమెను చూసి పలకరింపుగా తలాడించాడు. రాత్రంతా దాచుకున్న ప్రశ్న ఆమె అడిగేసింది.

"ఎందుకు చెప్పలేదు రాయిస్? ఇది నిజం అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

రాయిస్ నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు.

"చెబుదామనే అనుకున్నా. నాలుక తిరగలేదు. ఈలోగా నువ్వొచ్చావు. నాడి బాగుంది, ఒళ్లు వెచ్చగా ఉంది అన్నావు. నా ఒంటి సంగతి నాకే తెలీడం లేదు అప్పటికి. వెర్నా చెబుతోందిగా, బాగానే ఉన్నానన్నమాట అనుకుని కళ్లు మూసుకున్నా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే వెర్నా తట్టుకునేది.