మొరం కింద రోలు

నా పాప మీద ఒట్టు వేయమంటే మాత్రం వేయను. ఆ రాత్రి సంగతంతా దాని చుట్టూనే జరిగింది మరి. నా మీద వేస్తాను. జరిగింది నిజం. నవ్వేవాళ్లు నవ్వండి.

మాది సిరొంచలో ప్రాణహిత వైపు పాత ఇల్లు. అప్పటికింకా గోదావరి మీద వంతెన లేదు, కాళేశ్వరం వెళ్లాలంటే పడవే. ఎండాకాలం రేకుల కింద పాపకు వడదెబ్బ తగిలి, చేతుల్లోంచి జారిపోయినంత పనైంది. వానాకాలం వరద ఇంట్లోకే వచ్చేది. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే బిడ్డ దక్కదని నా భయం. అందుకే ఇల్లు బాగు చేయించాం. రేకుల కింద టేకు చెక్కలు పరిచి, పైన మట్టి మెత్తి అటుక వేశారు. ఎంత చల్లబడిందో! నేలేమో మొరం మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిచేసి, మోకాలెత్తు లేపారు.

తప్పు అక్కడే జరిగిందేమో. వెనక గది నేలలో పాతిన రోలు ఉంది, ఒకప్పుడు వడ్లు దంచుకునేది. దానికి పసుపు కుంకుమ పెట్టి, తీసి వేరేచోట పాతాలని మా అత్తమ్మ మొత్తుకుంది. వానలు దగ్గర పడుతున్నాయని మా ఆయన వినలేదు. రోలు మీదే మొరం పోయించాడు.

ఆ గదిలో, కొత్త నేల మీద మొదటి రాత్రి. కరెంటు లేదు. నేను అత్తమ్మ చేతులకు నూనె రాశాక, పాపను మధ్యలో వేసుకుని మేమిద్దరం పడుకున్నాం...

దుబ్బు... దుబ్బు...

చాప కింద. లోపల్నుంచి. ఒక దెబ్బ బరువుగా, వెంటనే ఇంకోటి తేలిగ్గా. మధ్యలో మనిషి ఊపిరి వదిలినట్టు... హుఁ... హుఁ... అరచేయి నేలకు ఆనించాను. అదురుతోంది.

"అత్తమ్మా... ఏందిది?"

"నీకు గూడ ఇనవడుతున్నదా?" ఆమె అప్పటికే లేచి కూర్చుని ఉంది. "రెండు రోకండ్లు, పిల్లా. మా అత్త, నేను గిట్లనే దంచేది."

"మీ అత్త పోయి ఎన్నేండ్లాయె!"

"ఔ. బరువు దెబ్బ ఆమెది."

"మరి రెండోది?"

ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి. "నాదే బిడ్డా..." అంది.

నా పక్కనే ఉంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. గబుక్కున పాపను ఎత్తుకున్నాను... చప్పుడు ఆగిపోయింది.

పొద్దున చూస్తే అత్తమ్మ అరచేతుల్లో బొబ్బలు. "నిన్న జరసేపు దిమ్మిస వట్టినవు గదనే అమ్మా, గందుకే," అని మా ఆయన తీసిపారేశాడు. పట్టిన మాట నిజమే. కాని రాత్రి నూనె రాసింది నేను. అప్పుడు ఆ చేతులు బాగానే ఉన్నాయి.

నేల తవ్వి రోలు తీద్దామని నేనంటే అత్తమ్మే వద్దంది. "ఇగ వరద వచ్చే యాళ్లాయె. పోరిని ఏడ పండవెడ్తవ్?"

ఆ ఏడు వరద గడప దాకా వచ్చి ఆగింది. మేం కొత్త నేల మీద పొడిగా ఉన్నాం. ఆ రాత్రి నేలకు చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. హమ్మయ్య అనుకునేలోపే... పాప నిద్రలోనే పిడికిలి బిగించి నేల మీద కొట్టింది. ఒకసారి... ఆగి, ఇంకోసారి. హుఁ... అంది.

పిల్లలు నిద్రలో ఏవేవో చేస్తారు. అదేనా? ఇప్పటికీ నాకు అర్థం కాదు. దాని చేయి పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు నేను.