ప్రతి పెట్టె మీదా ‘ఇల్లు’

మామగారికి ఏదైనా మడత పెట్టందే ఊపిరాడదు. దుప్పటి, ఛార్జర్ వైరు, మొక్కలకు నీళ్లు పట్టే గొట్టం, ఏది దొరికినా సరే. మడతలో మడత, అందులో మళ్లీ అదే మడత.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ప్రయోగశాలలో డీఎన్ఏ ఎలా మడతపడుతుందో చూస్తూనే జుట్టు నెరిసింది. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే పాఠం మొదలైంది.

“రెండు మీటర్ల దారమమ్మా. కంటికి ఆనని కణంలో ఉంటుంది. చిన్న మడతా పెద్ద మడతా ఒకటే తీరు. ముడి పడదు. ఎక్కడ కావాలంటే అక్కడ విప్పుకోవచ్చు.”

“టీ చల్లారిపోతోంది మామయ్యా.”

“పైగా ప్రతి కణంలోనూ మొత్తం ఉంటుంది! చెవిలో కణం తీసుకో, ఒళ్లంతటి సంగతీ అందులో రాసి ఉంటుంది.”

“మరి ఆ చెవికి నా మాట వినమని రాసి లేదా?” అని వంటింట్లోంచి అత్తగారు.

కోడలు నర్సు. ఊరికి ఆ చివర ఆసుపత్రిలో కొత్త ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే డ్యూటీ, అందుకే దానికి దగ్గర్లో భార్యాభర్తలు వేరే ఇల్లు తీసుకున్నారు. ఆ మాట చెప్పిన రోజు మామగారు చేతిలో తువ్వాలు మడిచారు. విప్పారు. మళ్లీ మడిచారు. కోపమొచ్చిందా? అడగలేక ఆమె ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

“సామాను నేను సర్దుతాను” అన్నారాయన, అంతే.

సర్దారు. ప్రతి పెట్టె మీదా ‘ఇల్లు’ అని రాశారు.

“ఇందులో ఏముంది మామయ్యా?”

“ఇల్లు.”

“ఇందులో?”

“ఇల్లు.”

“గిన్నెలెక్కడ?”

“అన్నిట్లోనూ.”

“బట్టలు?”

“అన్నిట్లోనూ.”

కోడలు అత్తగారి వైపు చూసింది.

“నన్ను చూడకు. నా గరిటె కూడా పోయింది.”

కొత్త ఇంటికి కోడలూ ఆమె చంటిపాపా కారులో ముందు వచ్చారు. లారీలో పట్టని పెట్టె ఒకటి వెంట వచ్చింది. సాయంత్రం లారీతో వస్తున్న భర్త ఫోను: లారీ దారిలో ఆగిపోయింది, తెల్లవారుజాముకు గానీ రాదు. పాప ఏడుపు. బోడి గదులు. పొద్దున్నే మొదటి డ్యూటీ, యూనిఫాం లేదు. కోడలు గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగింది. “మడతల మహానుభావా!” అని పళ్లు నూరుతూ పెట్టె కోసింది.

దుప్పటి మడతలో తువ్వాలు. తువ్వాల్లో గిన్నె. గిన్నెలో గ్లాసు. గ్లాసులో, పాప మేజోడు తొడుక్కున్న బల్బు. పాలపొడి, చెంచా. ఒకటి లాగితే రెండోది కదల్లేదు. అడుగున తెల్లటి యూనిఫాం; దులిపితే విచ్చుకుంది. పక్కన బూటు.

ఒక్కటే బూటు.

“మామయ్యా, రెండోదేదీ?” అని ఫోను చేసింది.

“ఇంకో పెట్టెలో ఉంటుందమ్మా. సమంగా పంచాను.”

“బూట్లు కూడా పంచుతారా?”

“జతల సంగతి... తోచలేదు.”

“ఇన్నేళ్ల పరిశోధన!” అని వెనక అత్తగారి నవ్వు.

పాప పాలు తాగి పడుకుంది. విప్పి చూడనిది బూటు ఒక్కటే కదా అని కోడలు అందులో చెయ్యి పెట్టి చూసింది. ముందు భాగంలో తాళంచెవి. పాత ఇంటిది.

తెల్లవారుజామున లారీ వచ్చింది. రెండో బూటు కోసం భార్యాభర్తలు పెట్టెలన్నీ విప్పారు. ప్రతి పెట్టెలోనూ కొంచెం వంటిల్లు, కొంచెం పడకగది, అలాంటిదే ఒక తాళంచెవి. బూటు చిట్టచివరి దాన్లో దొరికింది.

బూటు లేసు కట్టుకుంటూ ఫోను చేసింది. “ఇన్ని తాళంచెవులెందుకు మామయ్యా?”

“నువ్వు ఏ పెట్టె ముందు విప్పుతావో నాకేం తెలుసు?”

ఆమె తాళంచెవులన్నీ యూనిఫాం జేబులో వేసుకుంది. “డ్యూటీ అవగానే పాపను తీసుకుని వస్తాను.”

“రా, రా. వచ్చేటప్పుడు ఆ గరిటె పట్రా. మీ అత్తయ్య నన్ను బతకనివ్వడం లేదు.”

“ఏ పెట్టెలో పెట్టారు?”

మామగారు చాలాసేపు ఆలోచించారు.

“‘ఇల్లు’ అని రాసిన దాన్లో.”