నూనెకి నూలే మొగుడు

మా ఎదురింటి మామ చనిపోయి ఈరోజుకి పదిహేను రోజులు. ఆ పొద్దున మా ఆవిడ వచ్చి చెప్పినప్పుడు నేను వేపపుల్ల నములుతున్నాను. ఉమ్మేసి, "సరే" అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక చూపు చూసి, "మనిసివేనా నువ్వు?" అని కొంగు దోపుకుని ఎదురింటికి పరుగెత్తింది.

మనిషినే. కానీ ఆయనంటే నాకు పడదు. పోయినంత మాత్రాన ఉన్నపళాన పడుతుందా? పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆ మర్యాద ఆయనకే లేదు. మా నాయన కర్మాంతరం రోజు పదిమందిలో కూర్చుని, "మంచోడే, కాకపోతే మాట మీద నిలబడడు" అన్న మనిషి. కాబట్టి నేనూ ఉన్నదున్నట్టే రాస్తాను.

మాది నగరిలో మగ్గాల వీధి. మా ఇంట్లో మగ్గం లేదు. నాకున్నది అద్దెకు తిప్పే ఒక పాత అంబాసిడర్. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు మద్రాసులో కొన్నాను. అప్పటికే అది నాలుగు చేతులు మారింది. తిరుపతికి, కాణిపాకానికి, తిరుత్తణికి యాత్రికులను తిప్పేవాణ్ని. బండి బాగానే పరుగెత్తేది. నిలబెడితే మాత్రం ఇంజన్ నూనె కారేది. మెకానిక్కులు ముగ్గురు చూశారు, ముగ్గురూ ఇంజన్ మొత్తం విప్పాలన్నారు. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని కారనిచ్చాను.

రాత్రిపూట నా బండి ఆగే చోట, తెల్లారేసరికి ఆయన నేతపని మొదలయ్యేది. ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి వెదురు గుంజలు నాటి, మగ్గానికి ఎక్కించబోయే తెల్ల నూలు పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్లు. కింద నేల మీద కంచమంత నల్ల మరక. అది కాళ్లకు అంటి, కాళ్ల నుంచి చేతులకు, చేతుల నుంచి నూలుకు ఎక్కుతుందని ఆయన భయం. నూనె తగిలిన నూలు గంజీ పట్టదు, రంగూ పట్టదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా ఆయన చెప్పే తీరుకు ఒళ్లు మండిపోయేది.

"ఏమప్పోవ్, నీ బండికి ఒంటేలు ఆగదా?" అని వీధంతా వినేట్టు అరిచేవాడు.

మొదట పాత పేపర్లు పరిచాను. గాలికి లేచి ఒకటి నేరుగా ఆయన గంజి కుండలోనే పడింది. ఇసుక పోశాను. వీధిలో పిల్లులన్నిటికీ అది మంచి సదుపాయమైంది. గోనెసంచిలో వడ్లపొట్టు నింపి పెడితే రెండు రోజులు బాగుంది. మూడోనాడు కోళ్లు దాన్ని కెలికి పారేశాయి, నల్లటి పొట్టు ఎగిరి తడి పడుగుకు అంటుకుంది. ఆరోజు ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సగం అరవంలో ఉన్నాయి. ఆఖరికి కిరసనాయిలు డబ్బాను నిలువునా కోయించి తొట్టిలాగా చేయించాను. చుక్క రేకు మీద పడి చిట్లి చుట్టూ చిందింది.

అప్పుడు ఆయనే వచ్చాడు. పలకరింపు లేదు, పాడూ లేదు. మగ్గం కింద తెగిపడిన నూలు చిక్కును దోసెళ్లతో తెచ్చి తొట్టిలో కుక్కాడు.

"నూనెకి నూలే మొగుడు. ఇది గూడా తెలీకుండా బండి తోల్తా ఉండావు" అని తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

మరునాడు నేల మీద ఒక్క చుక్క లేదు. నూలు మొత్తం తాగేసింది. నాకు సంతోషం వేయాలి. ఆయన చెప్పిన ఉపాయం కాబట్టి వేయలేదు.

అప్పటినుంచి వారానికోసారి నూలు చిక్కు నా గడపలో పడేది. ఇచ్చేవాడు కాదు, విసిరేవాడు. నూనె తాగిన పాత చిక్కును మాత్రం జాగ్రత్తగా ఏరుకుపోయి గంజి పొయ్యి రాజేసుకునేవాడు. "నీ బండి పుణ్యాన అగ్గిపుల్లలు మిగుల్తా ఉండాయి" అనేవాడు. అది మెచ్చుకోలు అనుకునేరు. ఆ మొహం చూసుంటే అనుకోరు.

ఒక సాయంత్రం, నా బండిలో తిరుపతికి పోయి వచ్చినవాళ్లు ఇంకా దిగుతూనే ఉన్నారు, ఈయన అరుగు మీద నుంచి, "ఈ ముసిల్దాంట్లో కొండ దాకా పొయ్యొచ్చినారా సామీ? మీకు ధైర్యం ఎక్కువే" అన్నాడు. వాళ్లు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం తొట్టి పెట్టలేదు. మరిచిపోయి కాదు. కావాలనే కాలితో గోడవారకు తోసేసి, తెల్లారకముందే బండి తీసుకుని వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి వీధిలో జనం. తెల్లవారుజాము మసకచీకట్లో పడుగు చుట్టను సరిగ్గా ఆ నూనె మీదే దించారట. తెల్ల నూలు మీద జానెడు నల్ల మరక. ఆయన దాని పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. మొదటిసారి ఆయన గొంతు పెద్దగా లేదు.

"నీ బండి నూనే గదా?"

"నాది గాదు మామా. తొట్టి పెట్టినాను. మీ ఇంట్లోవాళ్లే ఎవురన్నా ఒలకబోసింటారు."

అబద్ధం అంత నున్నగా ఎట్లా జారిందో నాకే తెలియదు.

"అట్లనా. కాణిపాకంలో ప్రమాణం సేస్తావా?"

మా జిల్లాలో ఆ మాట వచ్చాక ఇంక వాదన ఉండదు. ఆ వినాయకుడి ముందు తడిబట్టలతో అబద్ధం ఆడినవాడు బాగుపడడు. అది మాకు పాలతో వచ్చిన నమ్మకం. వీధి మొత్తం నా నోటివైపే చూస్తోంది.

"సేస్తా" అన్నాను.

నా బండిలోనే వెళ్లాం. ఆయన వెనక సీట్లో, తొట్టిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుడి దగ్గర బండి ఆపగానే దిగి, వంగి, తొట్టిని ఇంజన్ కిందికి తోశాడు. "దేవుడి తావు. ఈడన్నా శుభ్రంగా ఉండనీ" అన్నాడు.

నేను తలస్నానం చేసి తడిపంచెతో వచ్చాను. గడప దాటబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దులే, పా. పోదాం."

"ఏం, భయమా?" అన్నాను, సిగ్గు లేకుండా.

"భయమే. నువ్వు అబద్ధం సెప్పి సెడిపోతే, ఎదురింట్లో కూసోని దినామూ సూడాల్సింది నేను గదా."

అంతే. కొబ్బరికాయ కొట్టి, చిప్ప ఒకటి నా చేతిలో పెట్టి బండెక్కాడు. వీధిలో అడిగినవాళ్లకి "తేలిపోయిందిలే" అని చెప్పాడు.

తిరుగుదారి అంతా నాకు సమయం ఉంది. చెప్పలేదు. ఆయన మళ్లీ అడగలేదు. గట్టిగా అడిగుంటే ఒప్పేసుకునేవాణ్ని, కొట్టినా పడేవాణ్ని. అడగకుండా వదిలేశాడు చూడండి, అందుకే ఆయన్ని చూస్తే నాకు మంట.

పైగా ఆ నూలు పారేశాడా? లేదు. మరక పడిన ముక్కను తువ్వాలుగా నేసుకుని అన్నేళ్లూ అదే భుజాన వేసుకు తిరిగాడు. పొద్దున నేను బండి తుడుస్తుంటే ఎదురు అరుగు మీద కూర్చుని, దాంతోనే మొహం తుడుచుకునేవాడు. నూలు చిక్కు మాత్రం వారం తప్పకుండా నా గడపలో పడుతూనే ఉండింది. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ నూలే లేకపోతే మా వీధిలో నా బండిని నిలవనిచ్చేవాళ్లు కాదు. బండి నిలవకపోతే మాకు కూడు లేదు. ఈ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

మొన్న కర్మాంతరం రోజు భోజనాలయ్యాక ఆయన కోడలి దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఆ పొద్దు నూనె నా బండిదే. తొట్టి నేనే తీసేసినాను."

ఆ అమ్మాయి విస్తరాకులు ఎత్తుతూ తల కూడా తిప్పలేదు.

"తెలుసు గదన్నా. గోడవార తొట్టిని మన ఈదంతా సూసింది. నువ్వే వచ్చి సెప్తావని మామ కాసుకోనుండె. మొన్న దీపావళికి గూడా అన్నాడు, ఈ ఏడన్నా సెప్తాడేమో అని."

ఇంటికి వచ్చి, తొట్టి సర్దే నెపంతో బండి పక్కన కూలబడి ఏడ్చాను. ముసలాయన మీద కోపం ఇంకా పోలేదు. ఇంకొన్నాళ్లు ఆగితే ఏం పోయేది?

నిన్న పొద్దున వీధిలో మళ్లీ పడుగు సాచారు. నా తొట్టిలో నూలు నల్లగా నాని ఉంది, గడపలో ఏమీ పడలేదు. నేనే వీధి దాటి వెళ్లి, ఆయన మగ్గం కింద వంగి తెగిన నూలు ఏరుకున్నాను. బయటికి వస్తుంటే వాళ్ల దండెం మీద ఆ తువ్వాలు ఆరేసి ఉంది. ఉతికి ఉతికి గుడ్డంతా పలచబడి, వెనకాల ఉన్న గోడ కనిపిస్తోంది. మరక ఉన్న చోట మాత్రం గోడ కనిపించడం లేదు.