కాచి చల్లార్చిన తోడు

నా పుణ్యమా అని మా అక్క పెళ్లి తప్పిపోయేంత పనయింది. నేను ఇల్లు తగలబెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. రెండు చెంచాల పెరుగు కాచానంతే. ఇప్పుడే నవ్వకండి, విన్నాక నవ్వుదురుగాని.

తొంభైల చివరి మాట. మదనపల్లెలో బీయస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడు వెలగబెడుతున్నాను. సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియాను చూసిన రోజు నుంచి నాకు లోకంలో దేని మీదా నమ్మకం లేకుండా పోయింది. హాస్టల్లో కంచం వేడినీళ్లతో కడిగితే గాని అన్నం పెట్టించుకునేవాణ్ణి కాదు. ఎవరైనా చెయ్యి కలిపితే సబ్బు కోసం పరుగు. బ్యాక్టీరియా తెచ్చే రోగాలన్నీ కంఠతా వచ్చు. ఆ తర్వాతి పాఠం, మన పేగుల్లో కాపురముండే మంచి బ్యాక్టీరియా గురించి, పరీక్షకు ఛాయిస్‌లో వదిలేశాను. కొంప మునిగింది అక్కడే.

పుంగనూరులో మా ఇంటికి, కుప్పం నుంచి పెళ్లివారు తాంబూలాలకు రావాలి. ముందురోజు సాయంత్రం అమ్మ పెద్ద గుండిగలో పాలు కాచి దించి, చిన్న గిన్నె నా చేతికిచ్చింది.

"రేయ్, పాలు గోరువెచ్చగా అయినాక ఈ తోడు ఏసి మూత పెట్టు. నేను పూలకు పోయొస్తా."

గిన్నెలోకి చూస్తే లక్షల బ్యాక్టీరియా నాకేసి చేతులూపుతున్నట్టే అనిపించింది. రేపు కుప్పంవాళ్లంతా కడుపులు పట్టుకుని బస్సెక్కితే? వెంటనే తోడును పొయ్యి మీద పెట్టి కుతకుతా ఉడికించాను. విరిగి నీళ్లు నీళ్లయింది. చల్లార్చి, వడగట్టి, పాలల్లో కలిపి, ఊరిని కాపాడినవాడిలా ఛాతీ విరుచుకున్నాను.

తెల్లారి అమ్మ మూత తీసింది. పాలు పాలలాగే ఉన్నాయి.

"ఏమిరా ఇది? తోడేసినావా లేదా?"

"ఏసినామ్మా. బాగా కాసి మరీ ఏసినా."

"ఏంది? తోడును కాసినావా?"

"దాంట్లో బ్యాక్టీరియా ఉంటాదమ్మా!"

"అది ఉన్నన్ని దినాలు పాలు పెరుగైనాయి కదరా! నీకు సదువు సెప్పినోడు యాడుండాడో సూపీ, ముందు వాణ్ణి కాస్తా!"

పక్కింటి రామక్క ఆదుకుంది. ఇంట్లో ఉన్న పెరుగంతా కుండతో సహా తెచ్చిచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పనని అమ్మ ఆమె చేత ఒట్టు కూడా వేయించుకుంది.

తాంబూలాలకు మంచి గడియ మధ్యాహ్నం దాటాక ఉందని ముందు భోజనాలు పెట్టారు. పెళ్లికొడుకు అవ్వ పెరుగన్నం తిని మురిసిపోయింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

"పెరుగు గెడ్డ మాదిరి ఉండాదమ్మా. ఇంటిదేనా?"

పొగడ్త చెవిన పడేసరికి రామక్క ఒట్టు గాలికి పోయింది. "మా ఇంటిదమ్మా! ఈళ్లింట్లో తోడుకోలేదులే."

అవ్వ చెయ్యి విస్తరాకు మీదే ఆగిపోయింది. "ఏమీ? తాంబూలాల పొద్దు పాలు తోడుకోలేదా? ఇది మంచి శకునం కాదప్పా. లెయ్యండి, ఇంగోసారి సూద్దాం."

తలుపు వెనక అక్క వెక్కిళ్లు మొదలయ్యాయి. ఆ అబ్బాయి అక్కకు ఎంత నచ్చాడో ఇంట్లో అందరికన్నా ముందు తెలిసింది నాకే. ఆ ఏడుపు విని ప్రాణం ఉసూరుమంది. మైక్రోబయాలజీ పరువు పోతే పోనీ అనుకుని లేచాను.

"శకునం కాదవ్వా, నేను! తోడును నేనే కాసేసినా!"

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. పెళ్లికొడుకు కుప్పంలో జంతుశాస్త్రం లెక్చరరు. ఆయనకు అర్థమై పొలమారింది. మంచినీళ్లు తాగి అడిగాడు.

"యాల కాసినావప్పా?"

"క్రిములు సావాలని."

"యాడిదాకా సదివినావు?"

"రోగాల పాఠం దాకా. దాని తర్వాతది ఛాయిస్‌లో వదిలేసినా."

ఆయన నవ్వు బిగబట్టి అవ్వకు కూడా వినబడేలా చెప్పాడు. "కడుపులో రోగాలను అడ్డుకునే కాపలా కణాలు ఉంటాయి. అవి ఇదో, వాకిట్లో నిలబడుకోనుండే మీ మామ మాదిరి. వచ్చినోడు చుట్టమా, చెప్పులెత్తుకుపోయేటోడా కనిపెట్టాల. ఆ కనిపెట్టడం వాటికి నేర్పేది పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియానే. అవి లేకుంటే మామ చుట్టాలను తరిమి, దొంగను కూర్సోబెట్టి వడ్డిస్తాడు. పెరుగులో ఉండేటివి కూడా మంచివేనప్పా. నువ్వు చుట్టాలను ఉడకబెట్టినావు."

"మధ్యలో నన్ను యాల లాగుతారప్పా?" అన్నాడు మామ వాకిట్లోంచి.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అయితే శకునం బాగానే ఉండాది. ఈ పిల్లోనికే బుద్ధి లేదు. అంతేనా?"

"అంతే అవ్వా. నాకే బుద్ధి లేదు."

"గట్టిగా సెప్పు నాయనా, ఆ కడ కూర్సున్నోళ్లకు ఇనబడాల."

"నాకే బుద్ధి లేదూ!" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు.

అవ్వ మళ్లీ ముద్ద కలిపింది. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఇది మీ వంశంలోనే ఉండాదా, ఈడొక్కడికేనా?"

తలుపు వెనక నుంచి పెళ్లికూతురు సిగ్గూ ఏడుపూ మరిచిపోయి కేక పెట్టింది.

"ఈడొక్కడికే అవ్వా! నీ మీద ఒట్టు!"

తాంబూలాలు మార్చుకున్నారు. కనుక మహాజనులారా, నా పేగుల్లో కొలువైన కోట్లాది జీవుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పెరుగు తోడును కాచను, వడగట్టను, దాని వైపు అనుమానంగా చూడను. చూస్తే నా కడుపులోని కాపలావాళ్లు నన్నే పరాయివాడనుకుని బయటికి గెంటెయ్యాలి.