అత్తగారు ఎక్కిన కాటా

ఆ రోజుల్లో అమెరికాలో హెచ్‌వన్ మీద ఉద్యోగం చేసేవాళ్ళకి కరీబియన్ దీవులు చూడాలన్న సరదాకి కూడా వీసా అడ్డొచ్చేది. దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్ దొరుకుతుందో లేదోనని భయం. అందుకే మేముండే మోరిస్‌విల్‌ ఊళ్ళో మా బ్యాచ్ అంతటికీ పోర్టొరికో అంటే ప్రాణం. కరీబియన్‌లో ఉన్నా అది అమెరికాదే మరి. కొత్తగా పెళ్ళైన నేను, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అత్తగారు తిరిగి వెళ్ళేలోపు అక్కడొక దీవి చూపించి అల్లుడి ఘనత చాటుకోవాలనుకున్నాను. పోర్టొరికోలోని శాన్ హువాన్ నుంచి పక్కనున్న బుల్లి దీవికి తొమ్మిది సీట్ల విమానం బుక్ చేశాను. అందులో ఒక ప్యాసింజర్‌ని పైలట్ పక్కనే కూర్చోబెడతారని తెలిసిన దగ్గర్నుంచి, ఆ సీటు నాదేనని ఆఫీసంతా చెప్పుకు తిరిగాను. (మా మేనేజర్‌కైతే రెండుసార్లు చెప్పాను.)

తీరా అక్కడికి వెళ్తే, చిన్న విమానం కాబట్టి మనుషుల్ని కూడా తూస్తామన్నారు. నేల మీద కాటా, గోడ మీద అందరికీ కనిపించేలా ఎర్రటి అంకెలు. నేనెక్కాను, మా ఆవిడ ఎక్కింది. అత్తగారు మాత్రం కొంగు భుజం నిండా కప్పుకుని వెనక్కి జరిగారు. నేను గదిలోకొస్తే కుర్చీలోంచి లేచి నిలబడే మనిషి, నా ఎదుట కాటా ఎక్కుతారా?

"అల్లుడుగారి ముందు తూకమేంటే, నేనేమన్నా బియ్యం బస్తానా? మీరు వెళ్ళి రండి, నేనిక్కడే కూర్చుంటా" అన్నారు కూతురితో.

"అమ్మా, ఇదే లాస్ట్ ఫ్లైట్! కాటా ఎక్కకపోతే నిన్ను రానివ్వరు."

"నేను అటు తిరిగి నిలబడతానండీ అత్తయ్యగారూ" అన్నాను.

"మరి ఆయన పైకి చదువుతున్నాడుగా బాబూ!"

నిజమే, కౌంటర్ దగ్గరాయన ప్రతి అంకెనీ గట్టిగా చదువుతున్నాడు. ఆవిడ రాకపోతే ఈ ప్రయాణమే దండగ. ఇంతలో ఏమనుకున్నారో, వంటకని మేం వెంట తెచ్చుకున్న రైస్ కుక్కర్ ఒక చేత్తో, పచ్చళ్ళూ పొడులూ ఉన్న సంచీ ఇంకో చేత్తో అందుకుని గబగబా కాటా ఎక్కేశారు.

"మొత్తం కలిపి చెప్పమను. అందులో నేనెంతో, కుక్కరెంతో ఎవరికీ తెలియక్కర్లేదు!"

బ్యాగులు ఎలాగూ తూయాల్సినవే కాబట్టి కౌంటర్ ఆయన నవ్వుకుని ఒప్పుకున్నాడు. ఆ అంకె మహిమేమో గానీ, పైలట్ విమానంలో బరువుల బ్యాలెన్స్ చూసుకుని ముందు సీటు ఆవిడకే ఇచ్చాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ విమానం లేచాక వెనక నుంచి చూస్తే, జరీ అంచు చీర, ముడి మీద పెద్ద హెడ్‌సెట్, అద్దం నిండా నీలి సముద్రం. భయపడతారేమో అనుకుంటే, కింద కనిపిస్తున్న దీవుల్ని చూపిస్తూ పైలట్‌కి తెలుగులోనే ఏదో వివరిస్తున్నారు. ఆయన బుద్ధిగా తలూపుతున్నాడు. గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది. "మై మదర్ ఇన్ లా" అన్నాను పక్క సీటాయనతో, ఆవిణ్ణి నేనే కన్నట్టు.

తిరుగు ప్రయాణంలో పైలట్ నన్నూ అత్తగారినీ చూసి, ముందు సీటులో మీ ఇద్దరిలో ఎవరైనా కూర్చోవచ్చన్నాడు. "మీరు కూర్చోండి బాబూ" అన్నారు అత్తగారు, చూపు మాత్రం ఆ సీటు మీదే ఉంది. "లేదండీ, మీరే" అన్నాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆ సీటులో కూర్చునే అవకాశం మళ్ళీ రాలేదు. గొప్పలు చెప్పుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రెండు మాటలు అన్నందుకు మాత్రం వాణ్ణి దగ్గరికి తీసుకుని వీపు తట్టాలనిపిస్తుంది.