పుర్రెకు దిష్టిచుక్క

నేను తోలుతో పుర్రెలు చేసి అమ్ముతాను. పర్సుల మీద, బెల్టుల మీద, బైకు తాళాలకు వేలాడదీసుకునేవి. గుడివాడలో ఇదేం పిచ్చి అని మీరు అనక్కర్లేదు, మా అమ్మ రోజూ అంటూనే ఉంది.

మా వీధి చివర బాబాయ్ గారు కొత్త ఇల్లు కడుతున్నారు. పోయిన వారం వచ్చి, నేను గోడకు తగిలించుకోవడానికని చేసిన పెద్ద పుర్రెను దిష్టిబొమ్మగా పట్టుకెళ్ళారు. పన్నెండు రోజులు కూర్చుని చెక్కిన పని, సిమెంటు స్తంభానికి బూడిదగుమ్మడికాయ పక్కన వేలాడుతుంటే నాకు కడుపు మండిపోయింది.

ఈ రోజు సాయంత్రం ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగొచ్చారు.

"అమ్మాయ్, ఇది పనిచెయ్యట్లేదమ్మా."

"అదేంటండీ?"

"దిష్టిబొమ్మంటే చూసినోళ్ళు జడుసుకుని మొహం తిప్పుకోవాలి. దీనికోసం బళ్ళాపి మరీ ఫొటోలు తీసుకుంటున్నారు. ఆగినోళ్ళు ఊరికే పోతారా? ఇల్లంతా కలయజూసి వెళ్తున్నారు."

సంచిలోంచి తీసి చూశాను. బుగ్గే లేని ఆ పుర్రెకు, బుగ్గ ఉండాల్సిన చోట కాటుక చుక్క ఉంది.

"ఇదేంటండీ?"

"మీ పిన్ని పెట్టిందమ్మా. అంతమంది కళ్ళు పడ్డాయి, పాపం దానికి మాత్రం దిష్టి తగలదా?"

కాస్త నాసిగా ఇంకోటి చేసిపెట్టమని చెప్పి వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళ తోలుపనిలో నాకు జరిగిన మొదటి సన్మానం ఇదే. ఆ చుక్క తుడవలేదు.

ఇకమీదట ఆర్డరిచ్చేవాళ్ళు ముందే చెప్పండి. అందంగా చెయ్యమంటారా, పనిచేసేలా చెయ్యమంటారా?